తాడిపత్రి బండికి కాశ్మీర్ చలి

తాడిపత్రి నుంచి పడమటికి పోతే గుత్తి. అక్కడ కుడిచేతికి తిరిగితే 44వ నంబరు జాతీయ రహదారి. కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ, లూధియానా, జమ్మూ దాటుకుంటూ పోతే, రోడ్డు నంబరు మారకుండానే శ్రీనగర్ చేరతాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్లకు పైగా ఉన్న దారి ఇది. మే నెల ఎండకు తారు మెత్తబడే గుత్తి దగ్గరా ఇదే రోడ్డు, జనవరిలో తారు మీద మంచు గడ్డకట్టే బనిహాల్ దగ్గరా ఇదే రోడ్డు.

తాడిపత్రి లారీల ఊరు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూడడానికి యాత్రికులు వస్తారు. బయటి ఊళ్లకు మాత్రం తాడిపత్రి అంటే నల్లబండలు, సిమెంటు, ఉక్కు. వాటికి ఇప్పుడు పండ్లు తోడయ్యాయి. 2020 జనవరిలో తాడిపత్రి రైల్వేస్టేషన్ నుంచి ముంబయి ఓడరేవుకు శీతల కంటైనర్లతో అరటిపండ్ల రైలు కదిలింది. అదే ఏడాది సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వెళ్లింది. రైళ్లు వచ్చినా చీనీకాయలు, అరటి మోసే భారం ఇప్పటికీ ఎక్కువగా లారీల మీదే ఉంది.

ఇక్కడి లారీలన్నీ కాశ్మీర్ దాకా పోవు. పండ్ల బండ్లలో చాలావాటికి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీయే హద్దు. కిరాయి దొరికితే పంజాబ్, జమ్మూ. ఆపిల్ సీజన్‌లో కాశ్మీర్ లోయ నుంచి దేశం నలుమూలలకూ లారీలు దిగుతాయి. మన హైదరాబాద్ శివారు బాటసింగారం మార్కెట్లో దించే ఆపిల్ పెట్టెలు ఆ దారినే వస్తాయి. ఆ సీజన్ చివర్లోనే మంచు మొదలవుతుంది. 2018, 2019 నవంబర్లలో ముందుగానే కురిసిన మంచుకు తోటల్లో చెట్లు విరిగాయి, రోడ్డు మీద లారీలు నిలిచిపోయాయి. అలా నిలిచిపోయిన పాత బండిలో రాత్రి గడపాల్సి వచ్చినవాడి కోసమే ఈ కథనం. క్యాంపర్ వ్యాన్ అని ఇప్పుడు కుర్రాళ్లు ముచ్చటపడే బండి, అంటే వంట, పడక, ప్రయాణం అన్నీ ఒక్కచోటే ఉన్న బండి, మన లారీ డ్రైవర్లకు తరాలుగా తెలిసినదే. వాళ్ల ఇల్లు ఆ క్యాబినే.

పాత బండిని చలి ఒక్కటే చంపదు. ఎండలో పెరిగిన బండి ఎండ అలవాట్లతోనే మంచులోకి పోతుంది. దెబ్బ తీసేవి ఆ అలవాట్లు. రేడియేటర్లో బోరునీళ్లు, ఇంజన్లో చిక్కటి ఆయిలు, ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ నింపిన డీజిలు, ఎన్నడూ వదలని ఎయిర్ ట్యాంకు నీళ్లు. తాడిపత్రిలో ఇవేవీ తప్పుగా కనబడవు. ఎందుకంటే ఇక్కడ చలికాలపు రాత్రి కూడా మామూలుగా 15, 16 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. చలికి బండిని సిద్ధం చేసే పని గుత్తి రోడ్డు ఎక్కకముందే, మన షెడ్డులోనే జరగాలి.

బోరునీళ్లతో పోతే బ్లాకు పగులుతుంది

పాత లారీల రేడియేటర్ మూత తిప్పి చూస్తే చాలావాటిలో కనబడేది తుప్పురంగు నీళ్లు. వేసవిలో ఆవిరైపోతాయి, దారిలో ఏ ట్యాంకు దగ్గరో, ఏ ఢాబా దగ్గరో మళ్లీ పోస్తారు. మన నేలలో నీళ్లు గట్టివి. సున్నపుతెట్టు రేడియేటర్ గొట్టాల లోపల పొరలు కడుతుంది. ఎండలో దాని ఫలితం ఇంజన్ వేడెక్కడం. చలిలో దాని సంగతి వేరే.

నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఇనుప బ్లాకులో, రేడియేటర్ గొట్టాల్లో పెరగడానికి చోటు లేదు. బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతలు ఉంటాయి కదా, అదృష్టం బాగుంటే అవి బయటికి తన్నుకొచ్చి ఒత్తిడి తగ్గిస్తాయి. లేదంటే బ్లాకే పగులుతుంది. పగుళ్లు రాత్రి కనబడవు. పొద్దున ఇంజన్ వేడెక్కి మంచు కరిగాక నీళ్లు కారడం మొదలవుతుంది. లేదా ఆయిలు పాలరంగులోకి మారుతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

దీనికి మందు కూలెంటు. ఇథిలీన్ గ్లైకాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎక్కువ చలికి ఎక్కువ కూలెంటు మంచిదనుకుని నీళ్లు కలపకుండా పోస్తారు. ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. నీటితో కలిసినప్పుడే దానికి ఆ శక్తి. అలాగే డబ్బా మీద ‘నేరుగా వాడొచ్చు’ అని ఉందా, ‘కలిపి వాడాలి’ అని ఉందా చూసి కొనాలి. ముందే కలిపినదానికి మళ్లీ నీళ్లు కలిపితే డబ్బు దండగ, రక్షణా సగమే.

కూలెంటు పోయకుండానే చలిలో చిక్కుకుంటే పాతకాలం పద్ధతి ఒకటే: రాత్రి నీళ్లు వదిలేయడం. ఇంజన్ ఆపి, కాస్త వేడి తగ్గాక మూత తీసి, రేడియేటర్ కింది కుళాయి, బ్లాకు పక్క కుళాయి రెండూ తిప్పాలి. చాలామంది రేడియేటర్ కుళాయితో ఆగిపోతారు, బ్లాకులో నీళ్లు అలాగే నిలబడిపోతాయి. ఏళ్ల తరబడి తిప్పని బ్లాకు కుళాయి తిరిగినా తుప్పుమడ్డి అడ్డం పడి చుక్క రాదు. సన్నటి తీగ పెట్టి పొడిస్తే మొదట నల్లటి మడ్డి, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాతే ధార. ఆ ధార పూర్తిగా ఆగేదాకా పక్కనే నిలబడాలి. ఆ కుళాయి తిరుగుతుందో లేదో తాడిపత్రిలోనే చూసుకోవాలి, బనిహాల్‌లో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు కాదు. నీళ్లు వదిలాక స్టీరింగుకు ఒక గుడ్డ కట్టాలి. లేకపోతే పొద్దున నిద్రమత్తులో క్లీనరో ఇంకొకరో సెల్ఫ్ కొడితే నీళ్లులేని ఇంజన్ తిరుగుతుంది.

డీజిల్ ఎక్కడ పోయించాం?

డీజిల్‌లో మైనం ఉంటుంది. పారాఫిన్. మామూలు వేడిలో అది కరిగిపోయి కనబడదు. చల్లబడేకొద్దీ మొదట డీజిల్ మసకబారుతుంది, తర్వాత మైనపు పలుకులు పేరుకుంటాయి, చివరికి డీజిల్ జారడం మానేస్తుంది. బండి ఆగేది ఈ చివరి దశలో కాదు, అంతకు చాలా ముందే. సన్నటి కాగితపు ఫిల్టర్‌లో ఆ పలుకులు అడ్డం పడగానే పంపుకు డీజిల్ అందదు. అందుకే చలిలో బండి సాధారణంగా స్టార్ట్ అవుతుంది, కొంతదూరం పోతుంది, ఘాటు మధ్యలో నీరసపడి ఆగిపోతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉండగానే.

మన దేశంలో డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు మించకూడదని అందులో ఉంది. అది కనీస హామీ, నిజంగా దొరికే సరుకు అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు. కానీ శ్రీనగర్‌లో 2024 డిసెంబరులో ఒక రాత్రి మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. ఆ ఊరికి డిసెంబరులో యాభై ఏళ్లలో అంతటి చలి లేదు. మైదానపు డీజిల్‌కు ఆ చలి లెక్కలోనే లేదు.

తాడిపత్రిలో నింపిన డీజిల్ అంత దూరం పోదులెండి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి 300 లీటర్లతో 1,200 కిలోమీటర్లు పోతుంది, అంటే ఢిల్లీ కూడా రాదు. కాశ్మీర్ ఎక్కే బండి ట్యాంకులో ఉండేది పంజాబ్ డీజిలో, జమ్మూ డీజిలో. చౌకగా ఉన్నచోట ట్యాంకు నింపేసుకుని పైకెక్కడం మన డ్రైవర్ల లెక్క. చలిలో ఆ లెక్క తిరగబడుతుంది. కింద అవసరమైనంతే పోయించుకుని, పైన చలి ఊళ్లో సాయంత్రం చేరగానే ట్యాంకు నిండా నింపాలి. చలి ప్రాంతపు బంకులో ఆ చలికి తగిన డీజిల్ దొరికే అవకాశం ఎక్కువ. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, గాలిలోని తేమ నీరుగా మారడమూ తక్కువ. ఆ నీరు కూడా గడ్డకట్టి పైపును మూసేస్తుంది. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర ఉంటుంది. రోజూ సాయంత్రం దాన్ని కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు పోనివ్వాలి.

శ్రీనగర్ దాటి జోజిలా మీదుగా లద్దాఖ్ వైపు పోయే బండ్ల కష్టం ఇంకో మెట్టు పైన ఉంటుంది. జోజిలా కనుమ ఎత్తు 11,500 అడుగులకు పైమాట. దాటగానే ద్రాస్, అక్కడ నడి చలికాలపు రాత్రి మైనస్ 20 అయినా ఎవరూ ఆశ్చర్యపోరు. అక్కడి డ్రైవర్లు పొద్దున్నే ట్యాంకు కింద మంట పెట్టి డీజిల్ కరిగించుకోవడం దశాబ్దాలుగా నడిచింది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్‌కు ప్రత్యేక చలికాలపు డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారయ్యే ఈ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా జారుడు పోగొట్టుకోదు. ఇంతకాలానికి ఆ మంటలతో పని తగ్గింది. అదే జోజిలా కింద 13 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం పనిని 2020లో మొదలుపెట్టింది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్. డీజిల్ గడ్డకట్టే చలిలో డంపర్లను, ఎక్స్‌కవేటర్లను నడపడమంటే ఏమిటో ఒక తెలుగు కంపెనీ అక్కడ రోజూ చూసింది.

మంట పద్ధతి మాత్రం ఎవరూ పట్టుకోకూడదు. పాత బండి కింద డీజిల్ చెమ్మ, గ్రీజు, వైరింగు, ఎయిర్ బ్రేకు గొట్టాలు అన్నీ దగ్గరదగ్గరే ఉంటాయి. ఫిల్టర్ మీదా, పైపుల మీదా వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుడితే అదే పని జరుగుతుంది, ఆలస్యంగా. కొత్త ఫిల్టర్లు రెండు దగ్గరుంచుకుంటే ఇంకా మేలు. మూసుకుపోయినదాన్ని తీసి కొత్తది వేసి, హ్యాండ్ పంపు కొట్టి, గాలి బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీస్తే బండి కదులుతుంది. ఈ పని మన క్లీనర్ కుర్రాడికి నిద్రలో కూడా వచ్చు.

కిరోసిన్ కలిపితే మైనం ఆలస్యంగా పేరుకుంటుందన్నది నిజమే. కానీ కిరోసిన్‌కు జిడ్డు లేదు. పాత మైకో ఇన్‌లైన్ పంపుల్లో కింది భాగానికి ఇంజన్ ఆయిలు అందుతుంది కాబట్టి కొంత ఓర్చుకుంటాయి. రోటరీ పంపులు, కొత్త కామన్ రైల్ పంపులు డీజిల్ జిడ్డు మీదే బతుకుతాయి, వాటికి కిరోసిన్ అరుగుదలే. చట్టం దృష్టిలో అది కల్తీ కూడా. పెట్రోలు కలపడం గురించి ఆలోచించనే కూడదు.

సెల్ఫ్ తిరగని పొద్దున

మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ తన శక్తిలో సగం కూడా ఇవ్వలేదు. ఇంజన్‌ను తిప్పడానికి అప్పుడే మామూలు కంటే ఎక్కువ బలం కావాలి. పైగా చార్జి తగ్గిన బ్యాటరీలో యాసిడ్ పలచబడుతుంది. నిండు చార్జిలో ఉన్నది మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. దాదాపు ఖాళీ అయినది మైనస్ 8, 10 దగ్గరే గడ్డకడుతుంది. అంటే శ్రీనగర్ చలి చాలు. క్యాబిన్లో లైటు, ఫోన్ చార్జరు, పాటలు రాత్రంతా నడిస్తే పొద్దున బ్యాటరీ పెట్టె ఉబ్బి ఉంటుంది. అలా గడ్డకట్టినదానికి పక్క బండి నుంచి వైర్లు తగిలిస్తే పేలొచ్చు.

ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 20 రకం మైనస్ 20 డిగ్రీల దాకా పంపుకు అందుతుంది, 15 రకం మైనస్ 25 దాకా, 5 రకం మైనస్ 35 దాకా. కాశ్మీర్ లోయ వరకే పోయే బండికి 15డబ్ల్యూ-40 చాలు. పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ తొక్కి కొట్టాలి. గేరుబాక్సులో గట్టిపడిన ఆయిల్‌ను తిప్పే బరువు స్టార్టర్ మీద పడదు. ఇంజన్ అందుకున్నాక యాక్సిలరేటర్ బలంగా తొక్కకూడదు.

ఎయిర్ బ్రేకు బండ్లకు ఇంకో పని ఉంది. కంప్రెసర్ గాలితోపాటు తేమనూ ట్యాంకుల్లోకి తోస్తుంది. రోజూ సాయంత్రం డ్రెయిన్ వాల్వు లాగి ఆ నీళ్లు వదలకపోతే, రాత్రికి వాల్వుల్లో మంచవుతుంది, పొద్దున బ్రేకు పట్టదు లేదా వదలదు. తడి రోడ్డు మీద వచ్చి హ్యాండ్ బ్రేకు లాగి పడుకుంటే లైనింగు డ్రమ్ముకు అంటుకుపోతుంది. గేరులో పెట్టి, చక్రాల కింద బండరాళ్లు వేసి పడుకోవాలి. టైర్ల గాలి కూడా అంతే. 35 డిగ్రీల మధ్యాహ్నం 110 పాయింట్లు కొట్టించిన టైరు మైనస్ 10కి చేరేసరికి 90 పైచిలుకుకు దిగుతుంది. దారిలో రెండుసార్లయినా చూపించుకోవాలి.

క్యాబిన్‌లో రాత్రి

బండికి జరిగే నష్టం డబ్బుతో పోతుంది. ఇప్పుడు చెప్పేది అలా కాదు.

చలి తట్టుకోలేక బొగ్గుల కుంపటి క్యాబిన్‌లోకి తెచ్చుకుని అద్దాలు బిగించి పడుకుంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, పొగ లేదు. నిద్రమత్తు అనుకునేదే విషం. ఇంజన్ నడిపి హీటర్ వేసుకున్నా, వెనక మంచు పేరుకుని సైలెన్సర్ మూసుకుపోతే ఆ విషవాయువు బండి కిందనుంచి లోపలికే వస్తుంది. పాత క్యాబిన్ల అడుగు రేకుల్లో, గేర్ రాడ్డు చుట్టూ ఎన్ని సందులుంటాయో నడిపేవాళ్లకు తెలుసు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల్లో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. అందులో కొన్ని మరణాలకు ఈ వాయువే కారణమని భావించారు. రెండు వైపులా అద్దం వేలెడు దించి, కుంపటి బయటే ఉంచి, కంబళ్లు, ఉన్ని టోపీ, పొడి మేజోళ్లతో పడుకోవడం తప్ప ఇంకో దారి లేదు. పొడి అన్న మాట మరవకూడదు. మనిషి శ్వాసలోని తేమే పొద్దునకల్లా అద్దాల లోపల మంచై, పక్కబట్టల్లో చెమ్మై ఉంటుంది.

వంట సంగతి కూడా చెప్పాలి. మన చిన్న గ్యాస్ సిలిండరులో ప్రొపేన్‌తోపాటు బ్యూటేన్ ఉంటుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. అందుకే సిలిండరు బరువుగానే ఉన్నా మంట నీరసిస్తుంది. కిరోసిన్ స్టవ్ ఉన్నవాడు అక్కడ అదృష్టవంతుడు, అదీ తలుపు తీసి, బయట వెలిగిస్తేనే. జోజిలా ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, తెరిచిన గిన్నెలో బియ్యం ఎంతసేపున్నా పలుకు పోదు. కుక్కరు ఉంటేనే సన్నబియ్యమైనా ఉడికేది.

పాత టెంపో ట్రావెలర్లను, మారుతీ ఓమ్నీలను క్యాంపర్లుగా మార్చుకుని లద్దాఖ్ బయల్దేరుతున్న కుర్రాళ్లకూ ఇవే నియమాలు. వాళ్లకు అదనంగా నీళ్ల ట్యాంకు, సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి. రాత్రికి అవీ ఖాళీ చేయాల్సిందే. ఒకప్పుడు యూరప్ నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా గోవా దాకా హిప్పీలు నడుపుకొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకు ఈ బాధ సగం లేదు. వాటి ఇంజన్ గాలితో చల్లబడేది, గడ్డకట్టడానికి అందులో నీళ్లే లేవు.

పాతదానికి ఒక మేలు, ఒక అడ్డు

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీలకు పొగ శుద్ధి చేయడానికి యూరియా ద్రవం పోయాలి. అది మైనస్ 11 డిగ్రీలకు గడ్డకడుతుంది. దాన్ని కరిగించడానికి బండిలోనే ఏర్పాటు ఉంటుంది. కానీ ఆ ఏర్పాటులో ఒక సెన్సర్ మొండికేస్తే కొండ మీద దాన్ని సరిచేసే మనిషి దొరకడు. పాత టాటా, లేలాండ్ బండిలో ఏ భాగం ఎందుకు ఆగిందో చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. రెండు స్పానర్లు, ఒక తీగ, ఒక గుడ్డతో సగం రోగాలు కుదురుతాయి. చలి దారిలో ఇది చిన్న మేలు కాదు.

అడ్డు ఢిల్లీలో ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి. చలికాలంలో గాలి మరీ చెడిన రోజుల్లో పాత ప్రమాణాల లారీలను నగరంలోకి రానివ్వరు. పొగ విషయంలో ఆ ఊరి జనం బాధ నిజమైనదే, వాళ్ల పిల్లల ఊపిరితిత్తుల ముందు మన కిరాయి పెద్దది కాదు. కానీ పొలిమేరలో రోజుల తరబడి ఆగిన బండిలో చీనీకాయలు, అరటి ఆగవు కదా. బయల్దేరే ముందు ఆ రోజు ఢిల్లీ ఆంక్షలేమిటో కనుక్కోవడం ఇప్పుడు రేడియేటర్ చూసుకోవడమంత ముఖ్యమైన పని.

ఇంత ఖర్చూ ఒక్క చలి ట్రిప్పు కోసమేనా అని యజమాని అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గడ్డకట్టకుండా కాపాడే కూలెంటే నీళ్లు మరిగే వేడినీ పెంచుతుంది. 42 డిగ్రీల ఎండలో బండల లోడుతో ఘాటు ఎక్కే లారీ రేడియేటర్ తొందరగా పొంగదు. డిస్టిల్డ్ వాటర్‌లో సున్నం లేదు కాబట్టి గొట్టాల్లో తెట్టు కట్టదు, తుప్పు తగ్గుతుంది. 15డబ్ల్యూ-40లో వెనకున్న 40 అంకె వేడి ఇంజన్‌లోని చిక్కదనానిది. పాత 20డబ్ల్యూ-40లో ఉన్నదీ అదే, కాబట్టి మే నెలలోనూ తేడా రాదు. కాశ్మీర్ నుంచి దిగి వచ్చాక ఆ రెంటినీ మార్చి పాతవి పోయనవసరం లేదు. కూలెంటును డబ్బా మీద రాసిన గడువుకు మార్చుకుంటే, మధ్యలో తగ్గినప్పుడు అదే మిశ్రమం పోసుకుంటే చాలు. కుళాయి నీళ్లు మాత్రం మళ్లీ అందులోకి పోనివ్వకూడదు.